మెదడు ల్యాబ్‌లో చేతిపని

లైఫ్ సైన్సెస్ డిగ్రీ, పీజీ విద్యార్థుల సభలో ఒక న్యూరోసైన్స్ ల్యాబ్ టెక్నీషియన్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, జువాలజీ మేడమ్ గారికి, మీ అందరికీ. వెనక బెంచీల వాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

నన్ను పిలిచినప్పుడు మేడమ్ ఒక మాట అన్నారు. "మా పిల్లలతో సైంటిస్టులు వచ్చి మాట్లాడారు, డాక్టర్లు వచ్చి మాట్లాడారు. ల్యాబ్‌లో బల్ల దగ్గర నిలబడి రోజూ పని చేసేవాళ్ళు మాత్రం ఎవరూ రాలేదు, మీరు రండి" అన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను. నేను న్యూరోసైన్స్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. చిట్టెలుకల్ని చూసుకోవడం, మెదడు బయటికి తియ్యడం, దాన్ని సెక్షన్లుగా, అంటే పలుచటి పొరలుగా కొయ్యడం, రంగులు వెయ్యడం, మైక్రోస్కోపు కింద కణాలు లెక్కపెట్టడం, ఇవన్నీ రాసిపెట్టడం. ఇదీ నా పని. దీని గురించి ఒక్క మాట చెప్పాలని వచ్చాను. మెదడు గురించి పరిశోధన పత్రాల్లో అచ్చయ్యే ప్రతి అంకె ఎవరో ఒకరి చేతుల మీదుగానే వచ్చింది. ఆ చేతులు ఎలా పనిచేశాయన్నది ఆ అంకెలో కలిసి ఉంటుంది. వేరు చెయ్యలేం.

ఇది నా వృత్తి మీద అభిమానంతో అంటున్న మాట అనుకుంటారేమో. అందుకే ముందు ఒక ప్రయోగం గురించి చెబుతాను. 1999లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. జాన్ క్రాబ్, డగ్లస్ వాల్‌స్టెన్, బ్రూస్ డుడెక్ అని ముగ్గురు శాస్త్రవేత్తలు. ఒకరు అమెరికాలో పోర్ట్‌లాండ్, ఒకరు కెనడాలో ఎడ్మంటన్, ఇంకొకరు మళ్ళీ అమెరికాలోనే ఆల్బనీ. ముగ్గురూ కలిసి ఏమనుకున్నారంటే, మూడు ల్యాబ్‌లలోనూ అవే రకాల చిట్టెలుకలు, అవే పరికరాలు, అవే పరీక్షలు. ఎలుకల వయసు ఒకటే. మేత ఒకటే. పరీక్ష మొదలుపెట్టే గంట కూడా ఒకటే. మనిషి చెయ్యగలిగినంతవరకు అన్నీ సమానం చేశారు. మరి ఫలితాలు ఒకేలా రావాలి కదా? వచ్చాయా?

కొన్ని వచ్చాయి. ఏ రకం ఎలుక ఆల్కహాల్ కలిపిన నీళ్ళు ఎక్కువ ఇష్టపడుతుందన్నది మూడు చోట్లా బాగానే కలిసింది. కానీ ఖాళీ పెట్టెలో ఎంత తిరుగుతుంది, ఎత్తు మీద ఉన్న దారిలో ఎంత భయపడుతుంది లాంటి పరీక్షల్లో తేడాలు వచ్చాయి. ఎడ్మంటన్ ఎలుకలు మొత్తం మీద మిగతా రెండు చోట్ల కంటే ఎక్కువ చురుగ్గా తిరిగాయి. ఎందుకు? సమానం చెయ్యలేనివి ఏం మిగిలాయి? మనుషులు మిగిలారు. ఎడ్మంటన్‌లో పరీక్షలు చేసిన ఒకరికి ఎలుకలంటే తీవ్రమైన ఎలర్జీ అట, ముఖానికి రెస్పిరేటర్ తగిలించుకుని చేశారని ఆ పత్రంలోనే రాశారు. తేడాకి కారణం అదేనని ఎవరూ అనలేదు. కానీ అలాంటి సంగతి కూడా రాసిపెట్టాలని వాళ్ళకి తోచింది చూడండి, అది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఆ తర్వాత 2010లో లివర్‌పూల్ యూనివర్సిటీ నుంచి జేన్ హర్స్ట్, రెబెకా వెస్ట్ ఇంకో పని చేశారు. చిట్టెలుకని ఎలా పట్టుకుంటాం? మీలో ఎవరైనా పట్టుకున్నారా? తోక పట్టుకుని ఎత్తుతాం. ప్రపంచమంతా అలాగే ఎత్తేది. వీళ్ళు తోక పట్టుకోకుండా రెండు చేతులూ దోసిలి పట్టి ఎత్తి చూశారు, లేదా చిన్న గొట్టంలోకి దాన్ని రానిచ్చి ఆ గొట్టంతో ఎత్తారు. అలా ఎత్తిన ఎలుకల్లో ఆందోళన స్పష్టంగా తగ్గింది. చెయ్యి కనిపిస్తే పారిపోకుండా వాటంతటవే దగ్గరికి వచ్చాయి. ఆలోచించండి. ఆందోళన మీద మందు పరీక్షిస్తున్నాం, ఎలుకని తోక పట్టుకుని పెట్టెలో వేశాం. ఇప్పుడు మనం కొలిచేది దేన్ని? మందునా, మన చేతినా?

2014లో కెనడాలోనే మెక్‌గిల్ యూనివర్సిటీలో జెఫ్రీ మోగిల్ గారి ల్యాబ్ ఇంకా విచిత్రమైనది చూపించింది. గదిలో మగ మనిషి ఉంటే ఎలుకల్లో ఒత్తిడి పెరుగుతోంది, దానివల్ల నొప్పి కనిపించడం తగ్గుతోంది. మనిషి కూడా అక్కర్లేదు, రాత్రి మగవాళ్ళు వేసుకున్న టీషర్టు దగ్గర పెట్టినా అంతే. ఆడవాళ్ళ టీషర్టుకి అలా జరగలేదు. ఇక్కడున్న అబ్బాయిలు దిగులు పడక్కర్లేదు, కొంతసేపు గదిలో ఉంటే ఆ ప్రభావం తగ్గిపోతుంది. అందుకే మేం పరీక్షకి చాలా ముందే ఎలుకల్ని ఆ గదిలోకి తెచ్చి పెడతాం. మేమూ అక్కడే ఉంటాం. ఎవరు చేశారన్నది నోట్‌బుక్‌లో రాస్తాం. ఒక ప్రయోగం మొదలుపెట్టినవాళ్ళే దాన్ని చివరిదాకా చెయ్యాలని పట్టుబడతాం. పెళ్ళికి ఊరెళ్ళాలన్నా ఆ తేదీలు చూసుకుంటాం.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. మెదడు తియ్యడం. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా పనిలో ఎక్కువ తేడాలు పుట్టేది ఇక్కడే.

ప్రాణం పోయిన కొన్ని నిమిషాల్లోనే కణాలు పాడవడం మొదలవుతుంది. పైగా అప్పుడే తీసిన మెదడు గట్టి పెరుగంత మెత్తగా ఉంటుంది, వేలు తగిలితే రూపం పోతుంది. కాబట్టి కణాలు ఎలా ఉన్నవి అలా నిలిచిపోవాలి. దానికి పెర్ఫ్యూజన్ చేస్తాం. ఎలుకకి పూర్తిగా మత్తు ఇస్తాం. కాలి వేలు గట్టిగా నొక్కి చూస్తాం, కాలు ఏమాత్రం లాక్కున్నా ముందుకి వెళ్ళం, ఆగుతాం. మత్తు పూర్తయ్యాక ఛాతీ తెరిచి గుండె ఎడమ జఠరికలోకి సూది పంపిస్తాం, కుడి కర్ణికకి చిన్న గాటు పెడతాం. ఎడమ వైపు నుంచి సెలైన్ వెళ్తుంది, కుడి వైపు నుంచి రక్తం బయటికి వస్తుంది. అంటే గుండె దారినే శరీరమంతా కడుగుతున్నామన్నమాట. సరిగా జరుగుతోందని ఎలా తెలుస్తుంది? లివర్ చూడాలి. ముదురు ఎరుపులో ఉన్న లివర్ పాలిపోయి లేత రంగుకి వస్తుంది. రాలేదంటే సూది పక్కకి పోయిందని అర్థం.

లివర్ తెల్లబడ్డాక సెలైన్ ఆపి 4% పారాఫార్మాల్డిహైడ్ పంపిస్తాం. ఇది ప్రోటీన్లని ఒకదానికొకటి కట్టేస్తుంది, దీన్నే ఫిక్సేషన్ అంటాం. కండరాలు ఒక్కసారి అదురుతాయి, తర్వాత మెడ, తోక బిగుసుకుంటాయి. అది చూసి మందు అందిందని తెలుసుకుంటాం. ఈ ద్రావణం తయారీ కూడా టెక్నీషియన్ పనే. పొడి నీళ్ళలో ఊరికే కరగదు, సుమారు 60 డిగ్రీల దాకా వేడి చెయ్యాలి, సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వెయ్యాలి, తేటపడ్డాక చల్లార్చి వడకట్టి పీహెచ్ 7.4కి తేవాలి. ఇదంతా ఫ్యూమ్ హుడ్ లోపలే, అంటే ఆవిర్లని బయటికి లాగేసే పెట్టెలోనే చెయ్యాలి. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. "రెండు నిమిషాల పనేగా" అని బయట బల్ల మీద కలిపేవాళ్ళని చూశాను. దయచేసి ఆ పని చెయ్యొద్దు. మీ సీనియర్ చెప్పినా చెయ్యొద్దు.

ఇంత జాగ్రత్త ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. పార్కిన్సన్స్ జబ్బులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే న్యూరాన్లు, అంటే నాడీకణాలు చనిపోతాయి. ల్యాబ్‌లో వాటిని లెక్కపెట్టడానికి వాటిలో ఉండే టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్‌కి యాంటీబాడీ, అంటే దాన్ని మాత్రమే వెతికి అంటుకునే ప్రోటీన్ వేసి గోధుమ రంగు తెప్పిస్తాం. ఇప్పుడు ఒక ఎలుకకి పెర్ఫ్యూజన్ సరిగా జరగలేదు, రక్తం మిగిలిపోయింది. ఎర్ర రక్తకణాల్లో సహజంగానే పెరాక్సిడేజ్ గుణం, అంటే ఈ గోధుమ రంగు తెప్పించే గుణం ఉంటుంది కాబట్టి, దాన్ని అణచే మెట్టు సరిపోకపోతే అవి కూడా గోధుమ రంగుకి వస్తాయి. కణమేదో, రక్తమేదో తెలియదు. ఇంకో ఎలుకకి ఫిక్సేషన్ తక్కువైంది, ఎంజైమ్ రంగు లేతగా వచ్చింది. కణం బతికే ఉంది, కానీ రంగు కనిపించలేదు కాబట్టి చనిపోయినట్టు లెక్కలోకి వెళ్తుంది. అందుకే పక్కన న్యూరాన్లన్నిటికీ పట్టే నిస్సెల్ స్టెయిన్ అనే రంగు కూడా వేసి, అసలు న్యూరాన్లు ఉన్నాయా లేవా అని సరిచూస్తారు. ఆ పత్రం చదివే డాక్టరుకి ఏం కనిపిస్తుంది? "మందు ఇచ్చిన ఎలుకల్లో న్యూరాన్లు ఇంత శాతం ఎక్కువ మిగిలాయి" అని ఒక వాక్యం. ఆ శాతం వెనక లివర్ రంగు చూసిన కన్ను ఉంది. ఉందా లేదా?

సరే, మెదడు బయటికి వచ్చింది. చిట్టెలుక మెదడు అర గ్రాము కూడా ఉండదు, 0.4 గ్రాముల చుట్టూ ఉంటుంది. అందులో దాదాపు 7 కోట్ల న్యూరాన్లు. మనిషి మెదడులో 8,600 కోట్లని 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. దానికి ముందు పుస్తకాల్లో పది వేల కోట్లని గుండు లెక్క రాసుకుంటూ వచ్చారు. ఆ కొత్త లెక్క ఎలా తేల్చారో తెలుసా? ఫిక్స్ చేసిన మెదడుని గాజు గొట్టంలో మెత్తగా నూరి, కణాల కేంద్రకాలు మాత్రమే తేలే ద్రావణంగా చేసి, కొద్దిగా తీసి లెక్కపెట్టారు. ఎంత సాదా పనో చూడండి. చేత్తో నూరి లెక్కపెట్టి మనిషి మెదడు గురించిన ఒక పాత నమ్మకాన్ని సరిదిద్దారు.

మనం కొయ్యడం దగ్గరికి వద్దాం. మెదడుని 30% పంచదార ద్రావణంలో వేస్తాం. మొదట తేలుతుంది, ఒకట్రెండు రోజులకి మునుగుతుంది. మునిగితే పంచదార లోపలిదాకా పట్టిందని అర్థం. ఇది లేకుండా గడ్డకట్టిస్తే నీరు మంచు స్ఫటికాలై కణాల్ని చీల్చేస్తుంది, మైక్రోస్కోపులో చూస్తే అన్నీ చిల్లులే. తర్వాత క్రయోస్టాట్. మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉండే పెట్టె, లోపల బ్లేడు. 40 మైక్రాన్ల మందంలో కోస్తాం, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మీ తల వెంట్రుక దాని కంటే మందంగా ఉంటుంది. ముందు నుంచి వెనక్కి ఒక చిట్టెలుక మెదడు సుమారు 300 సెక్షన్లు అవుతుంది. ఒక్కొక్క సెక్షన్‌నీ సన్నటి పెయింటింగ్ బ్రష్‌తో ఎత్తి, వరసగా గుంటల ప్లేటులో వేస్తాం. ఒకటి మొదటి గుంటలో, తర్వాతది రెండోదాంట్లో, అలా ఆరు దాకా వెళ్ళి మళ్ళీ మొదటికి. అప్పుడు ఏ గుంట తీసుకున్నా మెదడు మొత్తం మీద సమాన దూరాల్లో ఉన్న సెక్షన్లు దొరుకుతాయి. వరస తప్పితే లెక్క తప్పుతుంది. ఎడమ కుడి తారుమారు కాకుండా ఒక వైపు సూదితో చిన్న గుర్తు పెడతాం.

వినడానికి తేలికే. వర్షాకాలంలో గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు క్రయోస్టాట్ మూత తీసిన ప్రతిసారీ లోపల మంచు పేరుకుంటుంది. సెక్షన్ చుట్టుకుపోతుంది, చిరుగుతుంది. ఒక డిగ్రీ అటూ ఇటూ మార్చి చూడాలి, బ్లేడు జరపాలి. యంత్రం తయారుచేసిన కంపెనీ పుస్తకంలో ఇవి రాసి ఉండవు. పక్కన నిలబడి చూసి నేర్చుకోవాలి. నాకు నేర్పినాయన ఇంటర్ చదువుకున్నారు. ఆయన కోసిన సెక్షన్లు విదేశాల నుంచి వచ్చిన ప్రొఫెసర్లు చూసి ఎవరు కోశారని అడిగేవారు. పీహెచ్‌డీ విద్యార్థులు ఆయన దగ్గర కూర్చుని నేర్చుకునేవాళ్ళు. ఆయన్ని తలచుకోకుండా నేనీ మాటలు చెప్పలేను.

కొయ్యడంలో ఎంత విషయం ఉందో చెప్పడానికి హెన్రీ మొలైసన్ సంగతి చెప్పాలి. సైకాలజీ చదివినవాళ్ళకి హెచ్.ఎం. అంటే తెలుస్తుంది. మూర్ఛ తగ్గడానికి 1953లో విలియం స్కోవిల్ అనే సర్జన్ ఆయన మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్ అనే ప్రాంతాన్ని తీసేశారు. అప్పటికి ఆయనకి 27 ఏళ్ళు. ఆ తర్వాత ఆయన కొత్త సంగతులు గుర్తుపెట్టుకోలేకపోయారు. నిన్న కలిసినవాళ్ళు ఇవాళ కొత్తవాళ్ళే. జ్ఞాపకం గురించి మనకి తెలిసినదాంట్లో పెద్ద భాగం బ్రెండా మిల్నర్, సుజాన్ కార్కిన్ లాంటివాళ్ళు ఆయనతో దశాబ్దాలు పని చేసి నేర్చుకున్నది. 2008 డిసెంబర్‌లో 82వ ఏట ఆయన పోయారు. ఏడాది తర్వాత శాన్ డియేగోలో జాకోపో అన్నేసే బృందం ఆ మెదడుని కోసింది. 53 గంటలు. ఆపకుండా. 70 మైక్రాన్ల చొప్పున 2,401 సెక్షన్లు. ఇంటర్నెట్‌లో ప్రపంచమంతా చూస్తుండగా కోశారు. ప్రతి కోతకి ముందు మెదడు పై భాగాన్ని ఫొటో తీశారు. ఇంకో మెదడు లేదు కదా, చెయ్యి జారితే అంతే కదా! 2014లో అచ్చయిన ఫలితాల్లో ఏం తేలింది? హిప్పోకాంపస్ వెనక భాగం కొంత మిగిలే ఉందని, మెదడు ముందరి భాగంలో ఎవరికీ తెలియని చిన్న గాయం ఉందని. ఆ సర్జరీలో ఎంత తీసేశారని 50 ఏళ్ళకి పైగా జరిగిన చర్చకి బ్లేడు అంచున సమాధానం దొరికింది.

మన దగ్గర కూడా ఇలాంటి పని జరుగుతోంది, దూరం పోనక్కర్లేదు. మద్రాసు ఐఐటీలో సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ వాళ్ళు గర్భస్థ శిశువుల మెదళ్ళని సెక్షన్లుగా కోసి, స్కాన్ చేసి, 5,132 సెక్షన్ల అట్లాసుని 2024 డిసెంబర్‌లో ప్రపంచానికి ఉచితంగా ఇచ్చారు. దాని పేరు 'ధరణి'. ఇంటికెళ్ళి ఫోన్లో తెరిచి చూడండి. బెంగళూరులో మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో మనుషుల మెదళ్ళు భద్రపరిచే బ్యాంకు 1995 నుంచీ ఉంది, కుటుంబాలు ముందుకొచ్చి దానం చేసిన మెదళ్ళు. కొడుకో కూతురో పోయిన దుఃఖంలో కూడా ఒక కుటుంబం సంతకం పెట్టి ఇచ్చిందంటే, దాన్ని అందుకునే చెయ్యి ఎంత జాగ్రత్తగా ఉండాలి చెప్పండి.

రంగుల గురించి తొందరగా చెబుతాను. యాంటీబాడీ వేసి రాత్రంతా 4 డిగ్రీల గదిలో ఉంచుతాం, తెల్లారి కడిగి, మొదటిదానికి అంటుకునే రెండో యాంటీబాడీ వేస్తాం. ఇందులో మూడు సంగతులు పట్టించుకోవాలి. పోల్చాల్సిన గుంపులన్నిటికీ ఒకే రోజు, ఒకే ద్రావణంతో వెయ్యాలి. ఒక సెక్షన్‌కి మొదటి యాంటీబాడీ వెయ్యకుండా ఉంచాలి, అక్కడ కూడా రంగు వస్తే ఆ రంగు అబద్ధం. సీసా మీది లాట్ నంబర్, అంటే అది ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు రాసుకోవాలి, అదే కంపెనీ, అదే పేరు, లాట్ మారితే ఫలితం మారిన సందర్భాలు కోకొల్లలు. ఇక లెక్కపెట్టేవాళ్ళకి ఏ స్లైడు ఏ గుంపుదో తెలియకూడదు. పేర్లు తీసేసి అంకెలు వేసి ఇస్తాం, ఆ పట్టిక ఇంకొకరి దగ్గర ఉంటుంది. మనం ఎంత నిజాయితీపరులమైనా, ఆశ కంటిని లాగుతుంది.

బతికున్న మెదడు ముక్కల నుంచి విద్యుత్ సంకేతాలు రికార్డు చేసేవాళ్ళు ఇంకో రకం. 300 మైక్రాన్ల ముక్కలు కోసి, 95% ఆక్సిజన్, 5% కార్బన్ డయాక్సైడ్ బుడగలు పోతున్న ఉప్పు నీళ్ళలో ఉంచితే కొన్ని గంటలు బతుకుతాయి. ఎర్విన్ నేహర్, బెర్ట్ సాక్‌మన్ 1976లో గాజు గొట్టం మొన ఆనించి ఒక్క అయాన్ ఛానెల్, అంటే కణం పొరలో అయాన్లు వెళ్ళే దారి, దాని కరెంటుని కొలిచారు, 1991లో నోబెల్ వచ్చింది. ఈ పనిలో టెక్నీషియన్ బాధ్యత చాలావరకు ఆ ఉప్పు నీళ్ళే. సిలిండర్ నిండుగా ఉందా, ద్రావణం గాఢత సరిగా ఉందా, పీహెచ్ ఎంత. నేను ఎక్కువగా చేసింది కొయ్యడం, రంగులు వెయ్యడం కాబట్టి ఇంతటితో ఆపుతాను.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఎక్కడ మాట్లాడినా ఎవరో ఒకరు అడుగుతారు, ఇందాక లోపలికి వస్తుంటే ఒక అమ్మాయి అడగనే అడిగింది. "రోజూ మేత పెట్టి పెంచిన వాటిని మీ చేత్తోనే చంపడం బాధగా ఉండదా మేడమ్?"

ఉంటుంది తల్లీ. ఉండాలి కూడా. ఎప్పుడైనా బాధ లేకుండా పోయిందనిపిస్తే ఆ పని నుంచి కొన్నాళ్ళు తప్పుకోవాలని నా అభిప్రాయం. మన దేశంలో 1960 జంతుహింస నిరోధక చట్టం కింద ఒక కేంద్ర కమిటీ ఉంది, దాని కింద ప్రతి సంస్థలో జంతు ఎథిక్స్ కమిటీ ఉంటుంది. ఎన్ని ఎలుకలు, ఎందుకు, అన్నే ఎందుకు, నొప్పి తగ్గించడానికి ఏం చేస్తారు అని ఫారం బీలో రాసి అనుమతి తెచ్చుకున్నాకే పని మొదలవ్వాలి. వాడిన వాటి లెక్క ఫారం డీలో రాయాలి. 1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు మూడు సూత్రాలు చెప్పారు. జంతువు అక్కర్లేని దారి ఉంటే ఆ దారే పట్టడం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం. మొదటి రెండూ చాలావరకు ప్రయోగం రూపకల్పన చేసేవాళ్ళ చేతిలో ఉంటాయి. మూడోది మన చేతిలో ఉంటుంది. మత్తు దిగిందా లేదా చూసేది మనం. సర్జరీ అయ్యాక కింద వెచ్చగా ఉంచేది మనం. సెలవు రోజు వెళ్ళి ఏ ఎలుక మూలకి ముడుచుకుని ఉందో, ఏది తినడం లేదో చూసేది మనం. ఒక మెదడు మన నిర్లక్ష్యంతో పాడైతే దాని బదులు ఇంకో ప్రాణం పోతుంది. నేను కొత్తవాళ్ళకి మొదట నేర్పేది ఇదే. వృథా కానివ్వకు. సరిగా తీసిన ఒక మెదడు నుంచి ఆరు రకాల పరీక్షలకి సెక్షన్లు వస్తాయి, మిగిలినవి మైనస్ 20లో దాస్తే ఇంకో విద్యార్థికి పనికొస్తాయి.

రాయడం గురించి. నోట్‌బుక్‌లో "బాగా వచ్చింది" అని రాస్తే అది రికార్డు కాదు. ఏ ఎలుక, ఏ కేజ్, ఎన్ని గంటలకి, ఎవరు, ఏ లాట్, ఎంత మోతాదు. అనుకోనిది ఏం జరిగింది? కరెంటు పోయిందా, పక్క గదిలో డ్రిల్లింగ్ మెషిన్ మోగిందా, ఏసీ పనిచేయలేదా? అవన్నీ రాయాలి. గాబరాలో ఉన్న రోజు ఇంకా ఎక్కువ రాయాలి. ఫలితం కోరుకున్నట్టు రాకపోతే కొందరు ఒత్తిడి పెడతారు, "ఆ ఎలుకని లెక్కలోంచి తీసెయ్" అంటారు. తీసెయ్యడానికి ముందే రాసిపెట్టుకున్న కారణం ఉంటే తియ్యొచ్చు. లేకపోతే తియ్యకూడదు. అప్పుడు మీకు అండగా ఉండేది మీ నోట్‌బుక్కే. తేదీతో, సిరాతో.

ఇంత చేస్తే పేరు వస్తుందా? నిజం చెప్పాలి. చాలాసార్లు రాదు. పత్రం చివర కృతజ్ఞతల్లో ఒక వాక్యం ఉంటుంది, ఒక్కోసారి అది కూడా ఉండదు. ఇది మారాలని నేను గట్టిగా నమ్ముతాను. కొంత మారుతోంది. ఇప్పుడు చాలా పత్రికలు ఎవరు ఏం చేశారో విడిగా రాయమంటున్నాయి. ప్రయోగాలు చేసిందెవరు, డేటా భద్రపరిచిందెవరు, విశ్లేషించిందెవరు అని 14 రకాల పాత్రలున్న ఒక పట్టిక ఉంది. బ్రిటన్‌లో 2017లో టెక్నీషియన్ కమిట్‌మెంట్ అని మొదలుపెట్టి, టెక్నీషియన్లకి గుర్తింపు, వృత్తిలో ఎదుగుదల ఇస్తామని యూనివర్సిటీలు సంతకాలు చేశాయి. మన దగ్గర అలాంటిది రావాలి. అప్పటిదాకా మీరు చెయ్యగలిగింది ఒకటుంది. పని మొదలుపెట్టే ముందే, మొహమాటపడకుండా, "నేను ఈ భాగం చేస్తే రచయితల్లో నా పేరు ఉంటుందా సార్?" అని అడగండి. చివర్లో అడిగితే గొడవ అవుతుంది. ముందు అడిగితే అది సంభాషణ.

ఉద్యోగాల సంగతి అడుగుతారని తెలుసు. మన దగ్గర రెండు దారులున్నాయి. మొదటిది ప్రాజెక్టు ఉద్యోగాలు, ప్రాజెక్ట్ అసోసియేట్, ప్రాజెక్ట్ అసిస్టెంట్ అని పిలుస్తారు. ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉంటాయి. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు, అది పీహెచ్‌డీ దారి. రెండోది పర్మనెంటు. హైదరాబాద్‌లో కణజీవశాస్త్ర పరిశోధన చేసే సీసీఎంబీ లాంటి సీఎస్ఐఆర్ (కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి) సంస్థల్లో టెక్నీషియన్ పోస్టులకి పదో తరగతితో పాటు ఐటీఐ, టెక్నికల్ అసిస్టెంట్‌కి సైన్స్ డిగ్రీయో డిప్లొమానో అడుగుతారు, ముందు ట్రేడ్ టెస్ట్ పెట్టి తర్వాత రాత పరీక్ష పెడతారు. నోటిఫికేషన్లు తక్కువ, పోటీ ఎక్కువ. అమెరికాలో అయితే డిగ్రీ అయ్యాక ఒకట్రెండేళ్ళు రీసెర్చ్ టెక్నీషియన్‌గా చేసి ఆ తర్వాత పీహెచ్‌డీకో మెడిసిన్‌కో వెళ్ళడం మామూలు. మన తెలుగు పిల్లలు కూడా అక్కడ ఎంఎస్ అయ్యాక ఇలాంటి ల్యాబ్‌లలో చేరుతున్నారు. మన ఇళ్ళలో మాత్రం "ఇంకా టెక్నీషియన్‌గానే ఉన్నావా?" అంటారు. పీహెచ్‌డీ రానివాళ్ళు చేసే పని అనుకుంటారు. కాదండీ. ఇది వేరే వృత్తి, దీనికి వేరే నైపుణ్యం కావాలి. ప్రొఫెసర్ రిటైరవుతారు, విద్యార్థులు వచ్చి పోతుంటారు. ల్యాబ్‌లో ఒక పద్ధతి ఏళ్ళ తరబడి ఒకేలా నిలబడుతోందంటే అక్కడ ఒక మంచి టెక్నీషియన్ ఉన్నారని అర్థం.

మీరు ఇక్కడే, ఈ కాలేజీలోనే మొదలుపెట్టొచ్చు. పైపెట్‌తో నీళ్ళు తీసి తూకం వేసి చూడండి, పదిసార్లు తీస్తే పదిసార్లూ అదే బరువు వస్తోందా? బఫర్ మీరే కలపండి, పీహెచ్ మీటరుని మీరే కాలిబ్రేట్ చెయ్యండి. చేసిందంతా అదే రోజు రాయండి.

టైమ్ అయిపోయింది, మేడమ్ గడియారం చూస్తున్నారు. నేను కొన్ని నిస్సెల్ స్టెయిన్ స్లైడ్లు తెచ్చాను, కింద జువాలజీ ల్యాబ్‌లో మైక్రోస్కోపులకి పెట్టించాం. ఐదుగురు ఐదుగురుగా రండి. ముందు 4ఎక్స్‌లో చూడండి, హిప్పోకాంపస్ మెలి తిరిగిన ఊదా రంగు పట్టీలా దానంతటదే కనిపిస్తుంది. తర్వాత 10ఎక్స్, ఆ తర్వాతే 40ఎక్స్. 40ఎక్స్ పెట్టాక పెద్ద స్క్రూ తిప్పొద్దు, స్లైడు పగులుతుంది, చిన్నదే తిప్పండి. ప్రతి స్లైడు మీదా పెన్సిల్‌తో ఒక నంబరు ఉంటుంది. చూసేముందు ఆ నంబరు మీ పుస్తకంలో రాసుకోండి.